288 ఎలా వచ్చింది? సమీకరణాలు, శాతాల దగ్గర తడబడిన ఒక అమ్మాయి కేస్ స్టడీ

లెక్కల్లో వెనకబడిన పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి చెప్పడం నా పని. ఒక్కొక్కరికి ఒక నోట్‌బుక్ పెడతాను. నేనేం అడిగాను, వాళ్ళేం రాశారు, ఎందుకలా రాశామని చెప్పారు, అన్నీ అందులో ఉంటాయి. ఈ కేసు అలాంటి ఒక నోట్‌బుక్‌లోది. అమ్మాయిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. లెక్కల్ని మాత్రం తప్పులతో సహా ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. ఒక్క తేడా ఏమిటంటే, నోట్‌బుక్‌లో తెలియని సంఖ్యకు ఎక్స్ అని రాసుకున్నాం, ఇక్కడ 'క' అని రాస్తున్నాను. 3క అంటే 3 ఇంటూ క.

నేపథ్యం

నా దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి ఎనిమిదో తరగతి సగంలో ఉంది. ఆరో తరగతి దాకా లెక్కల్లో మంచి మార్కులే. ఎక్కాలు 20 వరకు కంఠతా వచ్చు, నోటిలెక్క గబగబా చేసేస్తుంది. ఏడో తరగతిలో సామాన్య సమీకరణాలు మొదలయ్యాక మార్కులు జారడం మొదలైంది. ఎనిమిదిలో శాతాలు వచ్చాక మరీ పడిపోయాయి.

"తెలివైన పిల్లే మేడమ్. అజాగ్రత్త ఎక్కువ, చిన్న చిన్న తప్పులు చేస్తుంది" అన్నారు వాళ్ళమ్మ. స్కూల్లో టీచర్లదీ అదే మాటట. అమ్మాయిని అడిగితే తల దించుకుని, "శాతాలంటే టెన్షన్ మేడమ్. ఎప్పుడు గుణించాలో, ఎప్పుడు భాగించాలో తెలీదు" అంది.

ఆ మాట ఆ రోజే రాసుకున్నాను. కానీ దాని అర్థం నాకు పూర్తిగా తెలిసింది చాలా రోజుల తర్వాతే. నిజంగా అజాగ్రత్తగా చేసే పిల్లల తప్పులు రోజుకో రకంగా ఉంటాయి. ఈ అమ్మాయి తప్పులు అలా లేవు. ఒకే రకం తప్పు ఒకే రకం చోట, అంతే శ్రద్ధగా, కొట్టివేతలు కూడా లేకుండా చేసేది.

సమస్య

మొదటి రోజు ఒక పరీక్ష పేపర్ తెచ్చింది. అందులో ఈ లెక్క ఉంది: ఒక సంఖ్యను 20 శాతం పెంచితే 360 అయింది. ఆ సంఖ్య ఎంత?

360లో 20 శాతం 72, 360 − 72 = 288 అని రాసింది. పక్కన ఎర్ర ఇంకుతో కొట్టేసి, 360 × 100/120 = 300 అని దిద్ది ఉంది. దిద్దినదాన్ని అమ్మాయి కింద మూడుసార్లు రాసుకుంది కూడా. "120తో ఎందుకు భాగించామమ్మా?" అని అడిగాను. "ఫార్ములా మేడమ్" అంది.

అదే పేపర్‌లో ఇంకొన్ని ఉన్నాయి. 3క + 4ను సూక్ష్మీకరించమంటే 7క అని రాసింది. 5క = 20 ఇస్తే క = 20 − 5 = 15. 4(క + 3)ను విస్తరిస్తే 4క + 3. ఇక 240లో 15 శాతం ఎంత అన్న లెక్కకు మాత్రం 36 అని సరైన జవాబే ఉంది, టిక్కు పడింది. ఆ లెక్కను నేను చూసీ చూడనట్టు దాటేశాను. ఈ కేసులో నేను చేసిన అతి పెద్ద పొరపాటు అదే. దాని సంగతి తర్వాత చెబుతాను.

మొదట చేసినవి, ఫలించనివి

మొదటి మూడు వారాలు తప్పుల్ని అధ్యాయాల వారీగా విడదీశాను. సమాసాల్లో, అంటే 3క + 4 లాంటి రాతల్లో, సజాతి పదాలు (కలపగలిగేవి), విజాతి పదాలు (కలపలేనివి). సమీకరణాల్లో పక్షాంతరం, అంటే ఒక పదాన్ని సమానం గుర్తుకు అవతలికి పంపి దాని గుర్తు మార్చడం. శాతాల్లో ఏ ఫార్ములా ఎక్కడ వాడాలో. ఒక్కోదానికి ఒక్కో షీట్, ఒక్కో షీట్‌లో 20 లెక్కలు. అప్పటికి నా ఆలోచన ఇది: కూడికలు, గుణకారాల్లో తప్పు లేదు, కాబట్టి పోయింది నియమాల దగ్గరే. నియమాలు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి, సాధన చేయిస్తే విడివడతాయి.

షీట్లలో 20కి 18 వచ్చేవి. అమ్మాయి ముఖం వెలిగేది, నాకూ సంతోషంగా ఉండేది. మూడో వారం చివర అవే లెక్కల్ని కలగలిపి ఒక పేజీ ఇచ్చాను. 20కి 7 వచ్చాయి.

ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చున్నాను. షీట్ పైన "పక్షాంతరం" అని శీర్షిక ఉంటే, ఏం చేయాలో ఆ శీర్షికే చెప్పేస్తుంది. లెక్కను చదవనవసరం లేదు. కలిపి ఇచ్చినప్పుడు చదవాలి. మూడు వారాలు నేను ఆమెతో లెక్క చదివించనే లేదు, పైనున్న సూచన ప్రకారం చేతిని కదిలించే అలవాటే చేయించాను. ఒకే రకం లెక్కల షీట్‌లో వచ్చిన 18ని అర్థమైందనడానికి గుర్తుగా ఆ తర్వాత నేనెప్పుడూ తీసుకోలేదు.

తర్వాత తక్కెడ బొమ్మ ఎత్తుకున్నాను. సమీకరణం అంటే తక్కెడ, రెండు పళ్ళాలూ సమంగా ఉండాలి, ఒకవైపు ఏది తీస్తే రెండోవైపూ అదే తీయాలి. క + 5 = 12 చక్కగా వచ్చింది. 3క + 2 = క + 10 కూడా వచ్చింది. క − 7 = 5 దగ్గరికి రాగానే అమ్మాయి పెన్సిల్ ఆపి, "మైనస్ ఏడు బరువు పళ్ళెంలో ఎలా పెడతాం మేడమ్?" అని అడిగింది.

సరైన ప్రశ్న అది. అప్పటికప్పుడు పళ్ళేన్ని పైకి లాగే బెలూన్లు కట్టాను. రెండు క్లాసులు బెలూన్లతోనే గడిచాయి. చివరికి ఎన్ని బెలూన్లకు ఎన్ని బరువులో గుర్తుపెట్టుకోవడం ఆమెకు ఇంకో అధ్యాయం అయికూర్చుంది. మానేశాను. తక్కెడ చెడ్డ బొమ్మ కాదు, సమానం అంటే ఏమిటో తెలిసిన పిల్లకు బాగా పనికొస్తుంది. తెలియని పిల్లకు అది గీసి చూపించే మరో ఫార్ములా అవుతుంది. శాతాల్లో ఆ తక్కెడ ఆమెకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఇంకో చిక్కు ఆమె ముందే నేర్చుకుని వచ్చింది. 3ప + 4న అంటే మూడు పెన్నులు, నాలుగు నోట్‌బుక్కులు, అవి కలవవు అని ఎవరో చెప్పారు. విజాతి పదాలు కలపకూడదని గుర్తుండటానికి చెప్పిన మాట అది. కానీ ఆ అమ్మాయి దృష్టిలో 'ప' అంటే పెన్ను. పెన్ను ధరో, పొడవో చెప్పే సంఖ్య కాదు, పెన్నే. అందుకే 3క + 4లో మూడు "క"లున్నాయి, ఇంకో నాలుగు ఉన్నాయి, మొత్తం ఏడు "క"లు అయ్యాయి. ఒక పెన్ను 5 సెంటీమీటర్ల పొడవుంటే 3ప ఎంత అని అడిగితే, "పొడవుకూ దీనికీ ఏం సంబంధం మేడమ్?" అంది. అక్షరం ఒక సంఖ్య కూర్చునే చోటు అని ఆమెకు ఎవరూ చూపించలేదు.

సమానం గుర్తు

3క + 4 గురించి మాట్లాడుతుండగా ఆమె అన్న ఒక మాట దారి చూపింది. "ప్లస్ అలా మిగిలిపోతే లెక్క అవనట్టే కదా మేడమ్. జవాబు ఒక్కటే ఉండాలి కదా."

అంటే 3క + 4 ఆమెకు సగంలో ఆగిన లెక్క. ముగించకపోతే తప్పేమో అన్న భయంతో ముగిస్తోంది. మరి లెక్క ముగిసిందని ఎక్కడ తెలుస్తుంది? సమానం గుర్తు తర్వాత. ఆ గుర్తు ఆమెకు ఏం చెబుతోందో చూడాలనిపించింది. అక్షరం పెడితే అక్షరం భయం అడ్డొస్తుంది, అందుకే ఒక్క అక్షరం కూడా లేకుండా ఇది రాసిచ్చాను:

8 + 4 = □ + 5

క్షణం ఆలోచించకుండా గడిలో 12 రాసింది. తర్వాత + 5 చూసి, పక్కన = 17 అని చేర్చి, కాగితం నా వైపు తిప్పింది. గడిలో 12 చక్కగా, గుండ్రంగా ఉంది. ఆమెకు ఏ సందేహమూ లేదు.

పైకి చదవమన్నాను. "ఎయిట్ ప్లస్ ఫోర్ ఈజీక్వల్టు ట్వెల్వ్" అంది ఒక్క ఊపిరిలో. ఈజీక్వల్టు అంటే ఏమిటని అడిగితే, "ఇప్పుడు జవాబు రాయాలి అని" అంది.

ఇంకో నాలుగు రాసి నిజమా, అబద్ధమా అని అడిగాను. 12 = 8 + 4 చూసి "తిరగేసి రాశారు మేడమ్" అంది. 7 = 7 అంటే "ఇందులో లెక్కే లేదు". 8 + 4 = 7 + 5 అంటే "ఇక్కడ రెండు లెక్కలున్నాయి, జవాబేది?". నాలుగోది 8 + 4 = 12 + 5. అది నిజం అంది.

వెంటనే పాత పేపర్ తీసి, టిక్కు పడ్డ ఆ శాతం లెక్క చూశాను. 240 ÷ 10 = 24 ÷ 2 = 12 + 24 = 36. జవాబు సరైనదే. కానీ గీతల ప్రకారం చదివితే 240 ÷ 10, 36కు సమానమని ఉంది. ఆ అమ్మాయికి సమానం అనేది కాలిక్యులేటర్ మీద మీట లాంటిది. నొక్కితే జవాబు వస్తుంది, ఆ జవాబు పట్టుకుని మళ్ళీ ముందుకు వెళ్ళడమే. తప్పుల్లో మూడు వారాలు వెతికాను. అసలు సంగతి నేను చూడకుండా వదిలేసిన సరైన జవాబులో ఉంది.

ఇలా చూస్తే అన్నీ ఒకే తాటి మీదికి వచ్చాయి. 3క + 4 తర్వాత ఏదో ఒకటి రావాలి కాబట్టి 7క వచ్చింది. 5క = 20లో రెండు వైపులు అంటూ ఏమీ లేవు, 5ను అటు పంపించి గుర్తు మార్చడమే ఉంది. ఇక 20 శాతం పెరిగితే 360 అన్న లెక్కలో, తెలియని సంఖ్యకూ 360కీ మధ్య ఉన్న సంబంధాన్ని రాయాలన్న ఆలోచన రావడానికి చోటే లేదు. చేతిలో 360 ఉంది, 20 శాతం ఉంది, ఏదో ఒకటి చేస్తే జవాబు వస్తుంది. "ఎప్పుడు గుణించాలో, ఎప్పుడు భాగించాలో తెలీదు" అని మొదటి రోజు ఆమె చెప్పింది ఇదే.

పదిహేను రోజులు అక్షరాలు లేకుండా

పదిహేను రోజుల పాటు అక్షరాలు, శాతాలు రెండూ పక్కన పెట్టాలని నిర్ణయించాను. తేలికైన నిర్ణయం కాదు. పరీక్షకు రెండు నెలలే ఉంది. నోట్‌బుక్ చూసి వాళ్ళమ్మ, "ఇవి రెండో తరగతి లెక్కల్లా ఉన్నాయి మేడమ్" అన్నారు. గడి లెక్క గురించి చెప్పాను. గడిలో అమ్మాయి రాసిన 12 చూపించాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీరు చెప్పినట్టే కానివ్వండి" అన్నారు.

ఆ పదిహేను రోజులు చేసిన పని ఒక్కటే. సమానం గుర్తుతో ఉన్న వాక్యాలు ఇవ్వడం, లెక్కకట్టకుండా నిజమో అబద్ధమో చెప్పించడం.

37 + 48 = 38 + 47. ఒకటి ఇటు పెరిగింది, ఒకటి అటు తగ్గింది, నిజం. 64 − 28 = 66 − 30. దీని దగ్గర చాలాసేపు వాదించింది. "ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గాలి కదా, రెండూ పెరిగాయి" అంది. నీకూ మీ తమ్ముడికీ వయసుల మధ్య తేడా రెండేళ్ళ తర్వాత మారుతుందా అని అడిగాను. వాళ్ళ తమ్ముడి వయసుతో సరిచూసుకుని, నిజమే అంది. లెక్కకట్టవద్దు అన్న షరతు చాలా ముఖ్యం. ఈ అమ్మాయి వేగమే ఆమెకు అడ్డు. చేతికి పని దొరికితే కన్ను చూడటం మానేస్తుంది.

ఈ గుర్తు పుట్టిన కథ కూడా చెప్పాను. వేల్స్‌కు చెందిన వైద్యుడు, గణితవేత్త రాబర్ట్ రికార్డ్ 1557లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని మొదటిసారి వాడాడు. సమానం అన్న మాటను మాటిమాటికీ రాయడం తప్పించుకోవడానికి ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలు పెట్టాడు. ఆ రెండింటికంటే ఎక్కువ సమానమైనవి ఏవీ ఉండవన్నది ఆయన చెప్పిన కారణం. ఆయన గీతలు ఇప్పటి వాటికంటే చాలా పొడుగు. అమ్మాయికి ఇది బాగా నచ్చింది. వారం రోజులు వేలెడు పొడుగు గీతలు గీసింది. గీస్తున్నంతసేపు చేయి ఆగేది, ఆ ఆగిన క్షణంలో రెండు వైపులా చూసేది. నేను అనుకోని మేలు అది.

ఈజీక్వల్టు అనే మాటను కూడా పక్కన పెట్టించాను. "8 ప్లస్ 4, 7 ప్లస్ 5కు సమానం" అని చదవాలి. తెలుగులో 'సమానం' చివర వస్తుంది. రెండు వైపులూ చదివితే తప్ప ఆ మాట నోట్లోంచి రాదు. ఇది నేను ముందుగా ఆలోచించి చేసింది కాదు, చదివిస్తుంటే తెలిసింది.

రాతకు పెట్టిన కట్టుబాటు ఒకటే. గొలుసు రాయకూడదు. ఒక వరుసకు ఒక్క సమానం గుర్తే, దానికి అటూ ఇటూ ఉన్నది నిజమై ఉండాలి.

ఒక్క చోట నిజం

అక్షరాల దగ్గరికి తిరిగి వచ్చాక 3క + 4, 7క ఒకటేనా అని అడిగాను. 'క' స్థానంలో ఒక సంఖ్య పెట్టి చూసుకోమన్నాను. అందరు పిల్లల్లాగే తేలికైనది ఎంచుకుని 1 పెట్టింది. 3 + 4 = 7. 7 × 1 = 7. "సమానమే మేడమ్!" అంది గెలిచినట్టు.

నిజానికి సమానమే. ఆ క్షణంలో "కాదు, 2 పెట్టి చూడు" అని తొందరపడి ఉంటే మంచి అవకాశం పోయేది. "సరే, 1 దగ్గర సమానం. ఒక పట్టిక గీద్దాం" అన్నాను. 0 పెడితే 4, 0. 1 పెడితే 7, 7. 2 పెడితే 10, 14. 3 పెడితే 13, 21. పట్టిక చూస్తూ వేలితో ఆ ఒక్క వరుస మీద గీత గీసి, "ఇక్కడ ఒక్కచోటే నిజం" అంది.

సమాసానికీ సమీకరణానికీ తేడా ఆమెకు ఆ వేలి గీత కిందే దొరికింది. 3క + 4 దానంతటది నిజమూ కాదు, అబద్ధమూ కాదు, అది ఒక సంఖ్యకు పేరు. 3క + 4 = 7క అనేది ఒక ప్రశ్న, 'క' ఎంతైతే ఇది నిజమవుతుంది? జవాబు 1. మరి 3క + 4క = 7క? పట్టిక వేసింది, అన్ని వరుసల్లోనూ నిజం. దాన్ని సర్వసమీకరణం అంటారని అప్పుడు చెప్పాను. ఆ పేరు పాఠంలో చదివిందట, ఎందుకో అర్థం కాలేదట. 4(క + 3), 4క + 3 సంగతి నేను అడగకముందే పట్టిక వేసుకుంది. ఏ వరుసలోనూ కలవలేదు, ఎప్పుడూ 9 తేడా. ఆ 9 ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే, 4తో గుణించకుండా వదిలేసిన 3 దగ్గర దొరికింది.

ఇక సమీకరణాలు. పక్షాంతరం అన్న మాటను కొన్నాళ్ళు వాడనివ్వలేదు. అటు వెళితే గుర్తు మారుతుంది అనేది దగ్గరిదారి. దారి తెలిసినవాళ్ళకే దగ్గరిదారి పనికొస్తుంది. 5క = 20లో 5 అటు వెళ్ళి మైనస్ అయిందంటే ఆ నియమాన్ని ఆమె నిజాయితీగానే పాటించింది. దాని బదులు రెండు వైపులా ఒకటే పని చేయించాను, ప్రతి జవాబునూ మొదటి సమీకరణంలో పెట్టి సరిచూడమన్నాను. 15 పెడితే 75, అది 20 కాదు. తప్పని నేను చెప్పనక్కర్లేదు, సమీకరణమే చెబుతుంది. క − 7 = 5 వచ్చినప్పుడు ఆల్జీబ్రా అన్న మాట గురించి చెప్పాను. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్ ఖ్వారిజ్మీ వాడిన అల్ జబ్ర్ అనే మాట నుంచి అది వచ్చింది, లోటును పూడ్చడం అని అర్థం. ఇటువైపు 7 లోటుంది, పూడ్చాలి. ఇటు 7 కలిపితే అటూ 7 కలపాలి. బెలూన్లతో కానిది ఆ ఒక్క మాటతో అయింది.

శాతం దేనిలో?

శాతాల దగ్గరికి వెళ్ళేముందు మూడు చిన్న లెక్కలు ఇచ్చాను.

ట్యాంకులో 240 లీటర్ల నీళ్ళున్నాయి, 80 శాతం తగ్గాయి. ఎన్ని మిగిలాయి?
ట్యాంకులో 240 లీటర్ల నీళ్ళున్నాయి, 80 శాతానికి తగ్గాయి. ఎన్ని మిగిలాయి?
ట్యాంకులో ఉన్న 240 లీటర్లు మొత్తం ట్యాంకులో 80 శాతం. ట్యాంకులో ఎన్ని పడతాయి?

మూడింటికీ 192 అని రాసింది. 240 కనిపించింది, 80 శాతం కనిపించింది, గుణించింది.

ఇక్కడ గట్టిగా చెప్పాలనిపించే సంగతి ఒకటుంది. శాతం లెక్కలు తప్పేది చాలాసార్లు గణితం దగ్గర కాదు, విభక్తి దగ్గర. '80 శాతం తగ్గాయి' అంటే పోయింది 80 శాతం, మిగిలింది 48 లీటర్లు. '80 శాతానికి తగ్గాయి' అంటే మిగిలిందే 80 శాతం, 192 లీటర్లు. తేడా అంతా ఒక్క 'కి'లో ఉంది. మూడోదాంట్లో 240 మొత్తం కాదు, భాగం. మొత్తం 300. 'లో', 'కు', 'కి', 'కంటే' అన్న చిన్న మాటల్ని పిల్లలు దాటేస్తారు, సంఖ్యలు మాత్రమే ఏరుకుంటారు. అందుకే రెండు వారాలు లెక్క చేయించలేదు, వాక్యాల్లో ఆ చిన్న మాటల కింద గీత గీయించాను. ప్రతి శాతం పక్కన "దేనిలో?" అని రాయించాను. దేనిలో అన్నదానికి జవాబు ఏదైతే అదే 100 శాతం. అది తెలియకపోతే దానికి 'క' అని పేరు.

ఫార్ములాలన్నీ తీసేసి ఒక్క ఆలోచన ఉంచాను. 20 శాతం పెరగడం అంటే 1.2 రెట్లు కావడం. 20 శాతం తగ్గడం అంటే 0.8 రెట్లు కావడం. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. శాతాన్ని విడిగా లెక్కగట్టి కలిపే పద్ధతిలో రెండు మెట్లున్నాయి, రెండు మెట్లున్నచోట ఆమె మళ్ళీ గొలుసు రాస్తుంది. రెట్లుగా చెబితే ఒకే వాక్యం, ఒకే సమానం గుర్తు.

అప్పుడు పాత లెక్క మళ్ళీ ఇచ్చాను. 20 శాతం పెంచితే 360. 'పెంచితే' కింద గీత గీసి, దేనిలో అని రాసుకుని, "పాతదానిలో" అని తనే జవాబు రాసుకుంది. 1.2క = 360. రెండు వైపులా 1.2తో భాగించి 300 అని రాసింది. పెట్టి సరిచూసుకుంది. ఆ తర్వాత నేను అడగకుండానే పాత పేపర్ తీసి, 288ని తీసుకుని 1.2తో గుణించింది. 345.6 వచ్చింది. కాసేపు దాన్నే చూసి, "నేను తీసేసిన 20 శాతం 360లోది మేడమ్. పెంచిన 20 శాతం దానిలోది కాదు" అంది.

ఇంకో నిమిషానికి తనే అడిగింది: "అయితే 360ని ఎంత శాతం తగ్గిస్తే 300 వస్తుంది?" ఇద్దరం కలిసి చేశాం. 60ని 360తో భాగిస్తే ఆరో వంతు, అంటే 16⅔ శాతం. 100ని 20 శాతం పెంచి 20 శాతం తగ్గిస్తే 96 ఎందుకవుతుందో, ముందు తగ్గించి తర్వాత పెంచినా అదే 96 ఎందుకో 1.2 × 0.8 రాసి ఆ రోజే తేల్చుకుంది.

ఇప్పుడైతే వేరేగా చేసేవి

మొదటి రోజే గడి లెక్క ఇస్తాను. ఎనిమిదో తరగతి పిల్లకైనా, పదో తరగతి పిల్లకైనా. అర నిమిషం పని అది, ఈ కేసులో మూడు వారాలు మిగిలేవి. టిక్కు పడ్డ లెక్కల్ని కూడా వరుస వరుసగా చదువుతాను. ఏ పిల్ల విషయంలోనూ అజాగ్రత్త అనే మాటను, ఒకే తప్పు రెండోసారి కనిపించాక ఒప్పుకోను. ఆ మాట పడ్డ పిల్ల ఇంకా జాగ్రత్తగా ఉండాలని కూర్చుని అదే తప్పును మరింత జాగ్రత్తగా చేస్తుంది. ఈ అమ్మాయి కొట్టివేతలు లేని పేజీలు చూసినప్పుడల్లా నాకది బాధగా ఉంటుంది.

పరీక్షలో మార్కులు 100కి 38 నుంచి 57కి పెరిగాయి. రేఖాగణితంలో పోయినవి పోయాయి, దాన్ని మేం ముట్టుకోలేదు. "19 శాతం పెరిగాయి మేడమ్" అని వాళ్ళమ్మ సంతోషంగా చెప్పారు. "కాదమ్మా, 50 శాతం. 38లో 19 అంటే సగం కదా" అంది పక్క నుంచి అమ్మాయి. అమ్మగారు చెప్పినవి శాతం పాయింట్లు, అంటే రెండు శాతాల మధ్య తేడా, నువ్వు చెప్పింది 38లో శాతం, దేనిలో అని చెబితే ఇద్దరిదీ సరే అన్నాను.

ఇంకా కుదరనిది

మాటల్ని సమీకరణంగా రాసేటప్పుడు ఇప్పటికీ ఒకచోట పడుతుంది. విద్యార్థుల సంఖ్య 'వ', టీచర్ల సంఖ్య 'ట' అనుకుందాం. "విద్యార్థుల సంఖ్య టీచర్ల సంఖ్యకు 6 రెట్లు" అంటే వ = 6ట అని సరిగ్గానే రాస్తుంది. "ప్రతి టీచరుకు ఆరుగురు విద్యార్థులు" అంటే మాత్రం ట = 6వ అని రాసేస్తుంది. మాట ఏ వరుసలో వినబడితే చేయి ఆ వరుసలోనే వెళ్ళిపోతోంది. 'వ' ఆమెకు మళ్ళీ సంఖ్య కాక మనిషి అయిపోతోంది, మొదట్లో పెన్ను అయినట్టే. ఇది పెద్దవాళ్ళలోనూ ఉండే పొరపాటు, తొందరగా పోయేది కాదు.

చివరి క్లాసులో కూడా అలాగే రాసింది. ట = 6వ. నేనేమీ అనలేదు. పెన్సిల్ తిప్పుకుంటూ దాని కింద చిన్న అక్షరాలతో 'ట 5, వ 30' అని రాసుకుంది. ఆ రెండూ సమీకరణంలో పెట్టింది. 5 = 180 అని వచ్చింది. సమానం గుర్తుకు అటోసారి, ఇటోసారి చూసి, రబ్బరు అందుకుంది.